గడప దాటని గరటయ్య

ఆ జంతికల పళ్ళెం పక్కన పెట్టి వినండి. డాక్టరు దగ్గర బుద్ధిగా తలూపడం, ఇంటికొచ్చాక ఆయన మాటను మీ నాలుకకు అనువుగా తిప్పుకోవడం, ఇదే కదా మీ వరస? గరటయ్యదీ అదే వరస.

గరటయ్యకు తన ఇంటి తెలివి మీద మహా గర్వం. "చెప్పిన మాట చెప్పినట్టు చేసేది ఈ ఊళ్ళో మనమే. అక్షరం అటూ ఇటూ పోదు," అనేవాడు. భార్య మంగతాయారు, తమ్ముడు అంకయ్య అవునవునని తలూపేవారు.

ఆయనకు చక్కెర జబ్బు. డాక్టరు గట్టిగానే చెప్పాడు. "నోరు కట్టుకో. తీపి ముట్టుకోకు. రోజూ నడువు. లేదంటే కాలికి దెబ్బ తగిలితే మానదు, వేళ్ళు తీసెయ్యాల్సి వస్తుంది."

గరటయ్య హడలిపోయాడు. అంతలో కరోనా వచ్చింది. ఆటోకు మైకు కట్టి ఊరంతా చాటారు. "ఎవరూ గడప దాటొద్దు."

ఇంకేముంది, ముగ్గురూ ఇంట్లోనే. పొద్దస్తమానం కూర్చుంటే నోరు ఊరుకుంటుందా? మంగతాయారు అరిసెలు వండింది.

"నోరు కట్టుకోమన్నాడు కదయ్యా?"

"కట్టుకున్నాగా," అన్నాడు గరటయ్య. మూతికి మాస్కుంది. దాని మధ్యలో అరిసె పట్టేంత కన్నం ఉంది.

"మరి తీపి ముట్టుకోవద్దన్నాడే?"

"నేను ముట్టుకుంటే కదా తప్పు. నువ్వు పెట్టు."

అంతే. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాడు, ఆమె పెడుతూ పోయింది. నియమమంటే నియమం.

అంకయ్యకు తుమ్ములు పట్టుకున్నాయి. పక్కింటావిడ గోడ మీంచి, "కాస్త ఆవిరి పట్టవయ్యా," అంది. అంకయ్య గోనెసంచి తెచ్చి, మరిగే నీళ్ళ మీద బోర్లించి, మూతి బిగించి కట్టాడు. విప్పి చూస్తే ఏమీ లేదు.

"తప్పించుకుపోయిందన్నా."

"రేపు ఒత్తుగా నేసిన సంచీ చూద్దాంలే," అని ఓదార్చాడు గరటయ్య.

అలా తింటూ కూర్చుంటే ఆయన కాళ్ళు తిమ్మిరెక్కాయి. వేళ్ళు గుర్తొచ్చాయి. నడవాలి. గడప దాటకూడదు. ఎలా? ముగ్గురూ బుర్రలు కలిపి ఆలోచించారు. గునపం తెచ్చి, ద్వారబంధం నుంచి గడప పెకలించారు. ఒక కొస మంగతాయారు, ఒక కొస అంకయ్య పట్టుకుని ముందు నడిచారు. వెనకాల గరటయ్య చేతులూపుకుంటూ నడిచాడు.

వీధి మొగలో పోలీసు ఆపాడు. "ఏమయ్యా, గడప దాటొద్దని చెప్పలేదా?"

"ఎక్కడ దాటాను బాబూ? అదిగో, పసుపూ బొట్టుతో నా ముందే ఉంది."

పోలీసు గడపను చూశాడు, మనుషుల్ని చూశాడు, నొసలు కొట్టుకున్నాడు. "ముందు దాన్ని వదిలేసి ఇళ్ళకు పొండి."

వదిలెయ్యమన్నాక పట్టుకుంటారా? ఇద్దరూ ఒక్కసారే వదిలేశారు. టేకు గడప గరటయ్య కుడికాలి బొటనవేలి మీద పడింది.

పుండు మానలేదు. డాక్టరు నిలదీశాడు. "తీపి తిన్నావా?"

"అరిసె మీద చెయ్యి వేస్తే ఒట్టు. మా ఆవిడని అడగండి."

"ముట్టనివ్వలేదండి, నేనే నోట్లో పెట్టాను," అంది మంగతాయారు.

డాక్టరు వేలు తీసేశాడు. వాళ్ళు వెళ్ళేటప్పుడు అంకయ్యతో, "మీ అన్నకు మిగిలిన వేళ్ళనైనా కళ్ళలో పెట్టుకుని చూసుకోండి," అన్నాడు.

అంతే. ఇంటికి రాగానే అంకయ్య అన్న కాలు ఎత్తి, నడిమివేలో చిటికెనవేలో చూడకుండా, అందిన వేలు తన కంట్లో పెట్టుకున్నాడు.

అంకయ్య కన్ను వాచి, వారానికి తగ్గింది. గరటయ్య వేలు మాత్రం తిరిగి రాలేదు. బొటనవేలు లేని కాలికి చెప్పు నిలుస్తుందా? ఇప్పటికీ ఆయన కుడి చెప్పు చేత్తో పట్టుకునే నడుస్తాడు.