శాంతించిన కన్నం

అనగనగా ఒక నూనె గానుగ. ఆ గానుగ పాకలో నేల కింద ఒక కలుగు. ఆ కలుగు నిండా ఎలుకలు, ఆ ఎలుకల నిండా భయం. ఎందుకంటే పాకలోకి ఒక బూడిదరంగు పిల్లి వచ్చి చేరింది.

కలుగుకు మూడు కన్నాలు. ఒకటి గుమ్మం పక్కన, ఒకటి గోడ మూల, ఒకటి కట్టెల చాటున. మధ్యాహ్నం గానుగ ఆగి, ఎద్దు నీడకు పోయాక, వంతు వచ్చిన ఎలుక బయటికి వెళ్ళి, రాలిన నువ్వులు అందరికీ తేవాలి.

ఒకనాడు మీసాలయ్య అనే ఎలుక వంతు. గుమ్మం కన్నంలోంచి తల బయట పెట్టాడు. కీచుమని ఒక్క చప్పుడు, అంతే.

ఆ కలుగులో ఒక ఆచారం ఉండేది. ఎక్కడ ఎలుక చస్తే ఆ కన్నం ముందు నాలుగు నువ్వులు చల్లి, "ఇది బలి తీసుకుంది, ఇక శాంతించింది" అనుకునేవారు. మర్నాడు అందులోంచే వెళ్ళేవారు. ఒకే చోటికి రెండుసార్లు చావు రాదట. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు గాని, అందరూ గట్టిగా నమ్మేవారు.

మర్నాడు గింజమ్మ అనే ఆడ ఎలుక భర్త వంతు. శాంతించిన కన్నమే కదా అని గుమ్మం వైపే వెళ్ళాడు. తిరిగి రాలేదు.

కలుగు పెద్ద మొండితోక తాత మళ్ళీ నువ్వులు చల్లాడు. "రెండుసార్లు తిన్నది. ఇక నిండా శాంతించి ఉంటుంది. రేపు కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు" అన్నాడు.

రేపటి వంతు గింజమ్మది. ఇంట్లో కళ్ళు తెరవని పిల్లలు. తను రాకపోతే వాటికి పాలిచ్చే దిక్కు లేదు. వాటిని కడుపు కింద పొదువుకుని ఆమె వణికిపోయింది. వణుకుతూనే ఆలోచించింది.

పొద్దున్నే తాత దగ్గరికి వెళ్ళింది. "తాతా, కన్నానికి ఆకలేమిటి? తినేది పిల్లి. మనం ఎటు వస్తామో తెలియకపోతే అది మూడింటిలో ఏదో ఒకచోట కూర్చోవాలి. అప్పుడు అపాయం మూడింట ఒక వంతు. చచ్చిన చోటునుంచే మళ్ళీ వస్తామని మనమే దానికి నేర్పాం. నేను గోడ వైపు వెళ్తాను."

"నీ ఖర్మ" అన్నాడు తాత.

మధ్యాహ్నం గింజమ్మ గోడ మూలనుంచి తొంగి చూసింది. పిల్లి గుమ్మం కన్నం ముందే కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పక్కకైనా చూడటం లేదు. ఆమె నోటికి పట్టినన్ని నువ్వులు ఏరుకుని పరుగెత్తింది. కన్నంలో దూరుతుండగా పిల్లి తల తిప్పి చూసింది.

కలుగంతా పండుగ. "గోడ కన్నమే శుభం. ఇకనుంచి అందరూ అటే" అని తాత తీర్పు చెప్పేశాడు. వినేవాళ్ళకు బుర్ర ఊపడం అలవాటు, ఊపారు. మర్నాటి వంతు గింజమ్మ చెల్లెలు నూకాలుది.

గింజమ్మకు ఈసారి ఇంకా భయం వేసింది. "వద్దు తాతా, పిల్లి నన్ను చూసింది. మనం ఎటు వెళ్తామో మనకే ముందు తెలియకూడదు. అప్పుడే దానికీ తెలియదు. మరో మూడు కన్నాలు తవ్వుదాం. కన్నానికొక గడ్డిపరక, ఆరూ ఆరు పొడవులు; ఏ పొడవు ఏ కన్నానిదో ముందే అనుకుందాం. కొసలు నువ్వు గుప్పిట్లో దాచు. నూకాలు ఒకటి లాగుతుంది."

"అప్పుడు అపాయం ఉండదా అక్కా?" అని అడిగింది నూకాలు.

"ఉంటుందే. లేదని నీకు అబద్ధం చెప్పను. ఆరింట ఒక వంతు ఉంటుంది. అయిదు వంతులు మాత్రం నీవైపు ఉంటాయి."

నువ్వులు తెచ్చినదాని మాట కదా అని తాత ఒప్పుకున్నాడు. ఎలుకలన్నీ గోళ్ళు అరిగేలా తవ్వాయి. మర్నాడు మధ్యాహ్నం నూకాలు పరక లాగింది. వచ్చింది గుమ్మం కన్నం.

కలుగు గడగడలాడింది. "ఇద్దరు పోయిన చోటమ్మా, మళ్ళీ లాగు" అన్నాడు తాత.

ఆ ఇద్దరిలో ఒకరు గింజమ్మ భర్త. అయినా ఆమె అడ్డం తిరిగింది. "నచ్చేదాకా లాగితే అది మళ్ళీ మన భయం ఎంచుకున్న దారే అవుతుంది. పోయినవాళ్ళ సంగతి గడ్డిపరకకు తెలియదు తాతా. వెళ్ళు నూకాలూ."

నూకాలు వెళ్ళింది. చీకట్లో అందరూ ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించారు. ఎంతకీ రాదు. గింజమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

అప్పుడు కన్నంలోంచి మట్టి రాలింది. దాని వెనకే బుగ్గల నిండా నువ్వులతో నూకాలు.

"పిల్లి గోడ దగ్గర కూర్చుందక్కా" అంది, నువ్వులు కింద కుమ్మరించి.

ఆ తరవాత ఎవరూ పిల్లికి చిక్కలేదని చెప్పను. ఒకరిద్దరు చిక్కారు. కాని ఎక్కువ రోజులు అది తప్పు కన్నం దగ్గరే కాపు కాసింది. డొక్కలు ఎండిపోయి, చివరికి పాక వదిలి పోయింది. అప్పటికి గింజమ్మ పిల్లలు కళ్ళు తెరిచి, తల్లి పక్కన పరక లాగడం నేర్చుకుంటున్నారు.

కనుక పిల్లలూ, నిన్న జరిగినదాన్ని శకునంగా పట్టుకోకుండా, నేడున్న దారులెన్ని, వాటిలో అపాయం ఎన్నింట ఒక వంతు అని చూసుకునేవారికే గట్టెక్కే అవకాశం ఎక్కువ.