మసి పూయని ఆకులు

అనగా అనగా అనడం చెప్పేవారి వంతు, ఊఁ అనడం వినేవారి వంతు. ఇద్దరి వంతూ తీరితేనే అది కథ.

నల్లమల అంచున ఒక మఠంలో తాళపత్ర గ్రంథాల భాండారం ఉండేది. చెన్నయారాధ్యులు దానికి పెద్ద. మందు కావలసినవారు, పొలంగట్టు తగవు తీరవలసినవారు, తిథి చూడవలసినవారు అందరూ ఆయన గడపకే వచ్చేవారు. కట్టలు వెతికి తేవడం, తిరిగి సర్దడం శిష్యుడు విరూపాక్షుడి పని. ఒక వేసవి మధ్యాహ్నం అతడు నడుము పట్టుకొని గురువు ఎదుట కూలబడ్డాడు.

"స్వామీ, అడిగిన గ్రంథం అడిగినవారి చేతిలో పెట్టాక మన పని తీరినట్టేనా? దీనికి అంతు ఎక్కడ?"

ఆరాధ్యులు గడపవైపు చేయి చూపారు. అప్పటికే గడప అవతల ఒక స్త్రీ నిలుచుని ఉంది. పేరు కాటమ్మ, పశువులు కాచుకొనే మనిషి.

"ఆవుకు గాలికుంటు సామీ. నోట నురగ, గిట్టలు పగిలినాయి, లేవలేకుండా ఉంది. నా మనమరాలికి తల్లి లేదు. ఆ ఆవు పాలే దానికి దిక్కు. మా నాయన నాకు నాలుగక్షరాలు నేర్పినాడు, చదువుకుంటాను. పసరాల వైద్యం ఉంటే ఇప్పించండి."

భాండారం విరూపాక్షుడికి కొట్టిన పిండి. వెంటనే పశువైద్యపు కట్ట తెచ్చి, తాడు విప్పి, కావలసిన ఆకు పైకి తీసి ఇచ్చాడు. "ఇదిగో, గాలికుంటు ఇక్కడినుంచే" అని చూపి, గోడకు చేరగిలి కళ్ళు మూసుకున్నాడు.

కాటమ్మ స్తంభం పక్కన కూర్చుంది. ఆకు తిప్పింది, మళ్ళీ తిప్పింది. ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపటికి లేచి, కట్టను కళ్ళకద్దుకొని పీటమీద ఉంచి, చప్పుడు చేయకుండా మెట్లు దిగబోయింది.

"దొరికిందా, అమ్మా?" అని ఆరాధ్యులు అడిగారు.

"దొరికింది సామీ."

ఆయన చూపు మరల్చలేదు. ఆమె తల వంచుకొంది. "ఆకులన్నీ బోడిగా ఉండాయి సామీ. మా బోటివాళ్ళకు కనబడే రాతలు కావేమో."

విరూపాక్షుడు ఉలిక్కిపడి లేచాడు. ఆ కట్ట కొత్తగా గంటంతో గీసిన ప్రతి. గీతలలో ఇంకా మసి నింపలేదు. ఆకును వెలుగుకు ఏటవాలుగా పట్టి చదవడం అతడికి ఎంత అలవాటైపోయిందంటే, ఇతరుల కంటికి అది ఉత్త తాటాకేనని అతడికి తోచనే లేదు.

"గ్రంథం ఇచ్చావు, సరే. నీ కళ్ళు కూడా ఇచ్చావా, నాయనా?" అన్నారు ఆరాధ్యులు.

అంతకుమించి మందలించే ఓపిక ఆయనకు లేదు. విరూపాక్షుడు ఆకుపసరులో దీపపు మసి కలిపి తెచ్చి ఆకుమీద రుద్ది, గుడ్డతో తుడిచాడు. అక్షరాలు నల్లగా పైకి లేచాయి. కాటమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవసాగింది. ఆమె ఆగినచోటల్లా అతడూ ఆగి, ఏ మాటకు ఏ మూలికో చెప్పాడు. ఆమె తనకు తెలియదన్న ఒక మూలికను పెరట్లోనుంచి తుంచి తెచ్చి కొంగున కట్టించాడు. ఆమె దండమైనా పెట్టకుండా పరుగెత్తింది.

ఎండ వాలింది. విరూపాక్షుడు చేతులు కడుక్కొని వచ్చాడు.

"ఇప్పుడైనా మన పని తీరినట్టే కదా, స్వామీ?"

ఆరాధ్యులు అలసిన కళ్ళతో ఆమె వెళ్ళిన బాటవైపు చూశారు.

"ఆవు లేచిందని ఎవరూ వచ్చి చెప్పలేదే" అన్నారు.

ఈ కథ నాకు మొట్టమొదట చెప్పినది మా అమ్మమ్మ, బసవమాంబ.