అచ్చులో మిగిలిన కొసలు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా నోట్లో మిగిలిన రెండు పళ్లూ ఈ పూటకే రాలిపోవాలి. నాగలింగం గురువుగారికి అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ల చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. మోక్షమంటే ఏమిటని అడిగిన ఒక పెద్దమనిషి చేత పేటలో ఉన్న నూలు కండెలన్నీ చుట్టించారు. ఆయన ఇప్పటికీ చుడుతూనే ఉన్నాడు, మోక్షం సంగతి మరిచిపోయి కాస్త ఒళ్లు కూడా చేశాడు. గురువుగారిది కృష్ణ ఒడ్డున నేతగాళ్ల పేట. కాషాయం లేదు, మఠం లేదు. గుంటమగ్గంలోకి కాళ్లు దించుకుని కూర్చుంటే అదే ఆయనకు పీఠం.

ఒకనాటి పొద్దున శిష్యురాలు మంగతాయారు ఆయన దగ్గరికి వచ్చింది. మామూలుగా రాలేదు. ఆమె ఒంటి సెగకు వీధిలో గంజి పెట్టి సాగదీసిన నూలు పడుగులు ఎండ అవసరం లేకుండానే ఆరిపోయాయి. ఆమెను పెంచిన నాయనమ్మ నాంచారమ్మ పోయి పది రోజులు కాలేదు. మర్నాడే పెద్దకర్మ.

"గురువుగారూ, రేపు నేను వెళ్లి ఆ పందిరికి నిప్పు పెట్టాలా, వెళ్లడమే మానుకోవాలా? రెండిట్లో ఏది ధర్మమో చెప్పండి."

"పందిరి తాటాకుదా, గుడ్డదా?" అన్నారు గురువుగారు.

"మీ హాస్యం తగలెయ్య. మా పానకాలు బాబాయి వీధి మొగలో ఫ్లెక్సీ కట్టించాడు, చూశారా? శాంతమూర్తి, సహనశీలి అని రాయించాడు. ఫోటోలో ఆవిడ చేతిలో చుట్ట చెరిపించి తులసిమాల పెట్టించాడు. ముక్కు మీది గాటు తుడిపించాడు. ఆ పైన పెదాల మీద నవ్వొకటి అద్దించాడు. నేను ఆ బొమ్మ కింద నిలబడి, ఎవరీ ముసలావిడ అనుకున్నాను."

నాంచారమ్మ శాంతమూర్తి అయితే రోహిణీ కార్తె ఎండ వెన్నెలే. నూరేళ్లకు అటూఇటూగా బతికిన మనిషి, అందులో నిద్రపోయిన వేళలు తీసేస్తే తక్కిందంతా ఎవరినో ఒకరిని తిడుతూనే గడిపింది. ఆమె వాకిట్లో గొంతెత్తితే కృష్ణలో పడవలు సరంగుల మాట వినకుండా వెనక్కి తిరిగేవి. మొగుడు పసిపిల్లల్ని ఆమె మీద వదిలేసి చచ్చిపోయాడు. ఆ రోజుల్లో పేట ఆడవాళ్లు నూలు వడకవచ్చు, కండెలు చుట్టవచ్చు, పోగులు అతకవచ్చు గాని మగ్గం గుంటలోకి కాలు దించకూడదు. ఆమె దించింది. విధవ గుంటలో కూర్చుంటే పేటకే అరిష్టమని చెప్పడానికి వచ్చిన కులపెద్దలను ఆమె తిట్టిన తిట్లకు వాళ్ల తలపాగాలు వాటంతటవే ఊడిపోయాయి. నేత కొత్తలో, పేక పోగును అటూఇటూ లాక్కెళ్లే నాడె ఎగిరి ముక్కు మీద తగిలింది. నెత్తురు కారుతుంటే కొంగుతో ఒత్తుకుంటూ సాయంత్రం దాకా నేసింది. పానకాలు బాబాయి చదువూ పెళ్లీ ఇల్లూ అన్నీ ఆ గుంటలోంచే పైకి వచ్చాయి. మంగతాయారును బడి మాన్పించబోయిన రోజు ఇదే బాబాయిని ఆమె చుట్ట నిప్పుతో సందు చివరిదాకా తరిమింది. ఇప్పుడు ఆయన తుడిపించింది ఆ చుట్టనే, ఆ గాటునే.

"వియ్యాలవారు వచ్చినప్పుడల్లా ఈ సహనశీలిని ఎక్కడ ఉంచేవాడో తెలుసా?" అంది మంగతాయారు. "వెనక దూడలపాకలో. ముసల్దానికి నోరు మంచిది కాదని. మంచం అక్కడికి మార్చి, బయట గొళ్లెం పెట్టేవాడు. వానలో వెళ్లి నేనే తెచ్చుకున్నాను ఆవిణ్ణి. దారంతా నన్నే తిట్టింది, ఆలస్యంగా వచ్చావని. రేపు మైకులో ఆయన మాట్లాడతాడట, తరవాత నన్నూ మాట్లాడమన్నాడు. 'అమ్మాయ్, నాలుగు మంచి ముక్కలు చెప్పు, పాతవి తవ్వకు' అన్నాడు. తవ్వకపోతే ఆవిడ ఇంకోసారి చచ్చిపోతుంది గురువుగారూ."

గురువుగారు గుంటలోంచి మెల్లగా కాళ్లు పైకి తీశారు. "నా మగ్గం మీద బట్ట అయిపోయింది. కోసి పెట్టు. తరవాత చూద్దాం."

తిట్టుకుంటూనే మంగతాయారు కత్తి తీసుకుని బట్ట కోసింది. తెల్లటి నేత, ఎర్రంచు, చేత్తో నిమిరితే నీళ్లను నిమిరినట్టుంది. మడిచి పక్కన పెట్టింది. మగ్గం మీద, పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చులోంచి పాత పడుగు కొసలు మిగిలి వేలాడుతున్నాయి. గంజి మరకలు, తెగినచోట వేసిన ముళ్లు, చేతుల జిడ్డు.

గురువుగారు ముఖం చిట్లించారు. "బట్ట ముచ్చటగా ఉంది. ఆ కొసలే, చూస్తే రోత పుడుతోంది. పీకి అవతల పారెయ్, మగ్గం శుభ్రంగా ఉంటుంది."

"మీకు మతిగాని పోయిందా?" అంది మంగతాయారు. అన్నాక నాలుక కరుచుకుంది గాని, మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. "అవి పీకేస్తే కొత్త పడుగు దేనికి అతుకుతారు? పోగు పోగూ అచ్చులోంచి మళ్లీ మొదటినుంచి దూర్చుకు రావాలి. ఏ నేతగాడైనా ఆ పని చేస్తాడా?"

"అయితే బట్టకన్నా ఈ గలీజే గొప్పదంటావు."

"బట్ట ఎవరో ఒకరు కట్టుకుపోతారు. మగ్గానికి మిగిలేది ఇదే గదా."

ఆ మాట తన చెవిన పడ్డాక ఆమె ఆగిపోయింది. పేటలో మగ్గాల చప్పుడంతా ఒక్కసారి ఆగింది. కృష్ణ కూడా కాసేపు నిలబడిపోయింది.

గురువుగారు ఏమీ ఎరగనట్టు కొత్త పడుగు తెచ్చి ముందు పెట్టారు. "మరి అతుకు."

మంగతాయారు కూర్చుంది. పాత కొస ఒకటి, కొత్త పోగు ఒకటి కలిపి బొటనవేలితో మెలిపెట్టింది. కళ్ల ముందు బాబాయి అద్దించిన నవ్వు కనబడింది. పోగు తెగింది. ఇంకొకటి తీసింది. దూడలపాక గొళ్లెం చప్పుడు వినబడింది. అదీ తెగింది.

"మా చిన్నప్పుడు మీ నాయనమ్మ ఈ గదిలోనే అతకడానికి వచ్చేది," అన్నారు గురువుగారు. "మా నాన్ననూ, కులపెద్దలనూ, పైనున్న దేవుణ్ణీ వరసపెట్టి తిడుతూ అతికేది. పోగు తెగడం నేను చూడలేదు."

"అంటే, నన్ను కోపం మానుకోమంటారు."

"ఆవిడ మానుకుందా? ఆవిడ కోపం నోట్లో ఉండేది. వేళ్లలోకి దిగనిచ్చేది కాదు."

మంగతాయారు చేతులు ఒళ్లో పెట్టుకుంది. తల ఎత్తి అడిగింది. "రేపు వెళ్లనా? అందరి ముందూ దూడలపాక సంగతి చెప్పనా?"

"మైకు నోటి దగ్గర పెడతారు గదా," అన్నారు గురువుగారు.

ఆమె మళ్లీ పాత కొస పట్టుకుంది. ఈసారి పోగు తెగలేదు, చెమటకు జారింది. గురువుగారు వంగి ఆమె వేళ్ల వంక చూశారు.

"తడి వేళ్లకు పోగు నిలవదు. మా పొయ్యిలో బూడిద ఉంది, చిటికెడు పట్రా. చల్లారింది వద్దు, వెచ్చగా ఉన్నది చూసి పట్రా."