తడి గరిటె

అనగనగా ఒక రాజ్యం. అక్కడి రాజు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు గాని, ఆ కోటలోని ఊరగాయల గది పేరు మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు. గది నిండా నిలువెత్తు జాడీలు. వాటిని చూసుకునే ముసలమ్మ కాలం చేస్తే, కొత్త మనిషి కావాలని రాణిగారు దండోరా వేయించారు. మూడు పరీక్షలు నెగ్గినవారికే కొలువని చాటించారు.

ఆ ఊళ్ళో తాయారు అనే ఇల్లాలు ఉండేది. భర్త బండి మీంచి పడి, కాలు విరిగి మంచం పట్టాడు. మరిది తెచ్చే గింజలతోనే రెండు సంసారాలూ ఈడ్చుకొస్తున్నారు. ఈ కొలువు దొరికితే ఇల్లు గట్టెక్కుతుంది. తాయారు ఆవకాయ కలిపితే వీధి వీధంతా ముక్కులెగబీల్చేది, అందుకని ఆశపడింది.

ఆమెను పరీక్షకు తయారుచేసింది తోడికోడలు పేరిందేవి. పెరట్లో బోర్లించిన గంప మీద దర్జాగా కూర్చుని, "నేను రాణిగారిని. చెప్పవే అమ్మాయీ, ఆవకాయకు ఏ కాయ కోస్తావు?" అని గద్దించేది. తాయారు తడబడితే మళ్ళీ మొదటినుంచీ అడిగేది. నడక నేర్పింది, దణ్ణం పెట్టడం నేర్పింది. తన పెళ్ళినాటి పట్టుచీర కూడా ఇచ్చింది.

"నీ చేతిలో జాడీ ఎప్పుడైనా చెడిందా అని అడిగితే?" అంది తాయారు ఒకనాడు.

"లేదని చెప్పు అక్కా! నీ చేతి గుణం ఊరందరికీ తెలుసు. మరీ గుచ్చి అడిగితే, మా పేరిందేవి చేతిలో చెడిందని చెప్పేయ్" అని నవ్వింది పేరిందేవి.

తాయారు తల వంచుకుంది. పేరిందేవి కాపురానికొచ్చిన కొత్తలో ఆ ఇంట జాడీడు మాగాయ బూజు పట్టింది. అత్తగారు ఇల్లు పీకి పందిరేసింది. కొత్త కోడలి చేతి గుణం మంచిది కాదని తేల్చేసింది. ఆనాటి నుంచీ పేరిందేవి జాడీ ముట్టలేదు. పచ్చళ్ళు పెట్టే రోజున తనంతట తానే వెళ్ళి గుమ్మం అవతల కూర్చునేది. నిజానికి ఆ జాడీలో గరిటెను తుడవకుండా, తడితడిగా ముంచేసింది తాయారు. తెలిసీ నోరు మెదపలేదు.

పరీక్షకు తాయారుతో కలిపి ముగ్గురు ఆడవాళ్ళు నిలిచారు. మామిడికాయల గుట్టలోంచి టెంక గట్టిపడ్డ కాయలు ఏరమన్నారు. తాయారు చకచకా ఏరేసింది. ఉప్పూ కారం ఆవపిండీ కలపమన్నారు. తాయారు కలిపిన ముక్క నోట వేసుకుని రాణిగారు కళ్ళు మూసుకున్నారు. కొలువు ఇక నీదేనని దాసీలు కళ్ళతోనే చెప్పేశారు.

"మీ చేతిలో చెడిన జాడీ సంగతి చెప్పండి" అన్నారు రాణిగారు ఆఖరున.

"నా చేతిలోనా? కలలో కూడా లేదమ్మా" అంది మొదటామె. "అంతా మా పనిమనిషి నిర్వాకం" అంది రెండో ఆమె.

తాయారు వల్లెవేసిన మాట గడగడా అప్పజెప్పింది. "నా చేతిలో ఎప్పుడూ చెడలేదమ్మగారూ. మా తోడికోడలి చేతిలో చెడింది. దాని చేతి గుణం అలాంటిది."

"బూజు ఎక్కడ మొదలైంది?"

"నడిమధ్యన, గరిటె దిగిన చోట."

"అయితే అది తడి చేసిన పని, చేతి గుణం కాదు. ఆ గరిటె ఎవరు పెట్టారు?"

ఈ ప్రశ్న పేరిందేవి గంప మీద కూర్చుని అడగలేదు. తాయారు ముఖం కందిపోయింది. ఇంకొక్క అబద్ధమాడితే కొలువు చేతికొస్తుంది. 'నాకోసం గొంతెండిపోయేలా నేర్పిన పిల్ల మీద, ఆ పిల్ల చీరే కట్టుకొచ్చి చాడీలు చెబుతున్నానే! నాకంటే సిగ్గులేని మనిషి ఉంటుందా?' అనుకుంది. కాళ్ళ కింద నేల చీలిపోతే బాగుండుననిపించింది.

"నేనేనమ్మా. ఆనాడు నోరు మూసుకున్నాను. ఇప్పుడు అబద్ధమాడాను" అంది.

మిగతా ఇద్దరూ కిసుక్కున నవ్వారు. రాణిగారు నవ్వలేదు.

"జాడీ చెడగొట్టని చెయ్యి లేదు. నేనూ చెడగొట్టాను. చెడిన సంగతి దాచేవాళ్ళుంటే గదంతా పాడవుతుంది, అందుకే అడిగాను. కొలువు నీదే. కాని నేను పరాయిదాన్ని, నాతో చెప్పడం తేలికే. ఇంటికి పోయి ఆమెతో చెప్పు. గది తాళంచెవి ఆ తర్వాత ఇస్తాను."

"గెలిచావా అక్కా?" అంటూ పేరిందేవి ఎదురు పరుగెత్తుకొచ్చింది. తాయారు గుమ్మంలోనే నిలబడి, అత్తగారు వింటుండగా అంతా చెప్పింది. తల మాత్రం ఎత్తలేకపోయింది.

పేరిందేవి తిట్టలేదు. తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇన్నాళ్ళూ నా పిల్లకు ముద్ద కలిపి పెట్టాలన్నా భయపడ్డాను అక్కా" అంది మెల్లగా.

తాయారుకు కొలువు దొరికింది, ఇల్లూ గట్టెక్కింది. కాని పేరిందేవి అన్న ఆ ఒక్క మాట ఆమెను బతికినన్నాళ్ళూ వదల్లేదు.

పిల్లలూ, మన చేతిలో చెడినదాన్ని మనదేనని వెంటనే ఒప్పుకోవాలి, లేకపోతే ఆ నింద ఏ పాపమూ ఎరుగనివాళ్ళు మోయాల్సి వస్తుంది.