కుక్క ముక్కుకు నీలగిరి పసరు

ఎండాకాలంలో ఆ పొలం దగ్గరి రేకుల కొట్టంలో ఎవరూ ఉండలేరు. పగలంతా కాగిన రేకులు పొద్దుగూకాక కూడా సెగలు కక్కుతూనే ఉంటాయి. అందుకని సాయంత్రమయ్యేసరికి పశువులన్నీ బయట కళ్లంలోకి చేరేవి. గేదె నల్లత్త తన దూడతో ఒక పక్క, మేక సింగారి ఇంకో పక్క, కోడిపెట్ట రత్తి తన పిల్లలతో బండి కింద. కావలి కుక్క వీరప్ప కంచె వైపు ముఖం పెట్టి కూర్చునేవాడు.

గాలి బాగానే వీచేది. దోమలే బతకనిచ్చేవి కావు. పంటకాలువ ఎండి మడుగులు మిగిలాయి. దీపాలు పెట్టే వేళకు అక్కణ్ణించి గుంపులు గుంపులుగా లేచి వచ్చేవి. దూడ చెవులు దద్దుర్లెక్కాయి. పాలు తాగడానికి కూడా కుదురుగా నిలబడలేక గెంతుతోంది.

"ఇలాగే ఉంటే నా బిడ్డ ఎముకల గూడైపోతుంది" అంది నల్లత్త.

"బావి దగ్గర తులసి పక్కన పడుకోబెట్టత్తా. దోమ ఆ ఛాయలకే రాదంట" అంది రత్తి.

పడుకోబెట్టింది. దోమలు తులసాకుల మీద వాలి, కాసేపు అలుపు తీర్చుకుని, దూడ మీదికి వచ్చాయి.

"వేపకొమ్మ కట్టి చూడు" అంది సింగారి. కట్టారు. దోమలు కొమ్మను చుట్టి వచ్చి మరీ కుట్టాయి.

"మొక్క ఊరికే నిలబడితే దోమకేం భయం? ఆకు నలగాలి. పసరు కారాలి. అది ఒంటికి పట్టాలి."

అందరూ తలలు తిప్పారు. కంచె అవతల నక్క. వీరప్ప గుర్రుమన్నాడు.

"ఊరకరారు మహానుభావులు. ఏం పని మీద వచ్చావు అల్లుడూ?" అంది నల్లత్త.

"నేను కంచె దాటితే అడుగత్తా! పసిదాని ఏడుపు విని మనసాగక వచ్చాను."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకో!" అంది సింగారి.

నక్క ఆ మాట విననట్టే చెప్పుకుపోయింది. "గట్టు మీద నీలగిరి చెట్లున్నాయి. ఆకు తొక్కి పసరు తీసి, బండి ఇరుసుకు పెట్టే ఆముదంలో కలపండి. ఒట్టి పసరైతే ఇట్టే ఆరిపోతుంది, నూనెలో అయితే వాసన నిలుస్తుంది. నమ్మకం లేకపోతే పరీక్ష చేసుకోండి."

నల్లత్త ఎవరి మాటా ఊరికే నమ్మే రకం కాదు. సింగారి చేత రెండు రకాల ఆకులూ తొక్కించి, రెండింటినీ ఆముదంలో కలిపించింది. తన ఒక చెవికి వేపాకు పసరు, రెండో చెవికి నీలగిరి పసరు పట్టించుకుని కూర్చుంది. వేపాకు చెవి మీద దోమలు కొంచెం తగ్గాయి. నీలగిరి చెవి దగ్గరికి ఒక్కటీ రాలేదు.

"నక్క చెప్పింది నిజమే" అంది నల్లత్త, కొంచెం ఆశ్చర్యంగానే. "అందరూ పూసుకోండి. కళ్లకూ ముక్కుకూ మాత్రం తగలనివ్వకండి. పసిదానికి ఇంత ఘాటు పనికిరాదు. నేను పూసుకుని దాన్ని నా పొట్టకు ఆనించుకుంటాను."

మర్నాడు పొద్దు వాలుతుండగా నక్క కంచె పక్కన వీరప్పను ఒంటరిగా పట్టుకుంది.

"బావా, నీ ముక్కు చూసుకున్నావా? వాచిపోయింది పాపం. ఒళ్లంతా బొచ్చున్న నిన్ను దోమ కుట్టేది అక్కడే కదా! నల్లత్త తోలు మందం. నీ ముక్కు బాధ ఆవిడకేం తెలుసు?"

ముక్కు నిజంగానే మండుతోంది. వీరప్ప వెళ్లి దట్టంగా పూసుకున్నాడు. తుమ్ములు వచ్చాయి, కళ్లు నీళ్లు కారాయి, తర్వాత హాయిగానే అనిపించింది. కానీ గడ్డి వాసన లేదు, పేడ వాసన లేదు, కోడిపిల్లల వాసన లేదు. లోకమంతా నీలగిరే. ఎవరికైనా చెబుదామంటే సిగ్గేసింది.

చీకటి పడుతుండగా నక్క వీరప్ప చూడని వైపు నుంచి కంచె కింద దూరి, రత్తి పిల్లల కోసం బండి పక్కనున్న ఆముదం మొక్కల్లో నక్కింది. తాను మాత్రం పసరు పూసుకోలేదు. అంత ఘాటు కదిలొస్తే రత్తి ఇట్టే పసిగడుతుందని దాని లెక్క.

కళ్లంలో అందరూ హాయిగా ఉన్నారు. దూడ చాలా రోజులకు కడుపు నిండా పాలు తాగింది. నెమరు వేస్తున్న నల్లత్తకు ఒక అనుమానం వచ్చింది. ఇన్ని దోమలూ ఎటు పోయినట్టు? చుట్టూ చూస్తే, ఆముదం మొక్కల మీద దోమలు సుడి తిరుగుతూ కనిపించాయి.

"వీరప్పా" అని మెల్లగా పిలిచింది. "నెత్తురు లేని చోట అన్ని దోమలు మూగవు. ఆ మొక్కల్లో ఏం వాసనొస్తోంది?"

వీరప్ప తల దించుకున్నాడు. "నాకేమీ తెలియడం లేదత్తా. ముక్కుకు పూసుకున్నాను."

"ఎవరు పూసుకోమన్నారు?"

"నక్క."

నల్లత్త తిట్టలేదు. లేచి వెళ్లి బండికీ ఆముదం మొక్కలకీ మధ్య అడ్డంగా పడుకుంది. "గుడ్డిగా దూకావంటే చీకట్లో కోడిపిల్లలు నలుగుతాయి. దాన్నే బయటికి రానీ. కళ్లు అటే పెట్టుకో" అని వీరప్ప చెవిలో చెప్పి, గొంతు పెంచింది.

"సింగారీ, నువ్వు సంత నుంచి తప్పించుకొచ్చిన కథ చెప్పవే! ఇవాళ దోమల్లేవు, తొందరా లేదు. మొదట్నించీ చెప్పు."

సింగారిని కథ చెప్పమని అడిగినవాళ్లు అంతవరకూ లేరు. అది వాళ్ల అమ్మమ్మ కొమ్ముల దగ్గర మొదలుపెట్టింది.

నక్క కనురెప్పల మీద దోమలు, చెవుల్లో దోమలు, ముక్కు కొసన దోమలు. తోక ఆడిస్తే ఆకు కదులుతుంది. ఆడించకపోతే ప్రాణం పోయేలా ఉంది. సింగారి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా, ఇక అందరూ నిద్రపోతారని నక్క ఆశపడేది. నల్లత్త మాత్రం "తర్వాతేమైందే?" అనేది. కథ ఇంకా సంత దాకా రానేలేదు.

"ఇక చాలించవే తల్లీ!" అని అరుస్తూ నక్క బయటికి ఉరికింది.

వీరప్పకు ముక్కుతో పని లేకపోయింది. కంచె దాకా తరిమి, పిర్రను కరిచి పట్టుకున్నాడు. గుప్పెడు బొచ్చు అతని నోట్లో వదిలి నక్క కంచె కింద నుంచి దూరి పారిపోయింది.

"ఎంత అన్యాయం!" అని అవతల నుంచి ఏడ్చింది. కళ్లు వాచి సగం మూసుకుపోయాయి. "నేను చెప్పిన మందు పనిచేసిందా లేదా?"

"బ్రహ్మాండంగా పనిచేసింది అల్లుడూ" అంది నల్లత్త. "రేపూ పూసుకుంటాం. వీరప్ప ముక్కుకు తప్ప."

మందు మంచిదైనంత మాత్రాన చాలదు, చెప్పినవాడు దాన్ని ఎక్కడ పూసుకోమంటున్నాడో కూడా చూసుకోవాలి.