నీ ప్రార్థనంటే భయమక్కా

గోదావరి పాయ ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో, చెవిన పడ్డ ఏ మాటనీ కడుపులో దాచుకోలేని రాహేలమ్మ అనే ప్రార్థనాపరురాలు ఉండేది.

ప్రార్థన చెయ్యడంలో ఆవిడకు తిరుగులేదు. శుక్రవారం ఉపవాస కూటంలో ఆవిడ గొంతెత్తి "సాతానా, నిన్ను గద్దిస్తున్నాను" అందంటే గుమ్మంలో పడుకున్న కుక్క కూడా లేచిపోయేది. అందుకే జనం తమ బాధలన్నీ ఆవిడతో చెప్పుకునేవారు. చిక్కల్లా అక్కడే వచ్చేది. ఆవిడ ఎవరి మీదా చాడీలు చెప్పేది కాదు, పాపం. అందరి సంగతులూ ప్రార్థనలో పెట్టేసేది. "ప్రభువా, ఫలానా ఇంట్లో అత్తాకోడళ్ళకు పడటం లేదు, నీకు తెలుసు" అనేది. ప్రభువుకు ఎలాగూ తెలుసు. తెలియనిదల్లా కూటానికి వచ్చినవాళ్ళకే. వాళ్ళు కళ్ళు మూసుకుని, చెవులు మాత్రం బాగా తెరుచుకుని వినేవారు.

ఆ ఊళ్ళో పడవ నడిపే జక్రయ్య ఒకప్పుడు బాగా తాగేవాడు. బాప్తిస్మం తీసుకున్నాక మానేశాడు. ఒకరోజు అతను రేవు దగ్గర రాహేలమ్మను పక్కకు పిలిచాడు.

"అక్కా, మనసు మళ్ళీ అటే లాగుతోంది. చేతులు వణుకుతున్నాయి. మా ఆవిడ మార్తకు కూడా చెప్పలేదు. నువ్వొక్కదానివే నాకోసం ప్రార్థన చెయ్యి," అన్నాడు.

"దిగులు పడకు తమ్ముడూ. వాడి సంగతి నేను చూసుకుంటాగా," అందావిడ. వాడంటే సాతానన్నమాట.

అన్నట్టే చూసుకుంది. ఆ శుక్రవారం కూటం నిండుగా ఉంది. మార్త ముందు వరసలో కూర్చుంది. జక్రయ్య గుమ్మం దగ్గర కూర్చున్నాడు. రాహేలమ్మ మోకరించి చేతులెత్తింది. "ప్రభువా, జక్రయ్యను మళ్ళీ పట్టుకున్న తాగుడు దయ్యాన్ని బంధిస్తున్నాను. కట్టుకున్నదానికి కూడా చెప్పుకోలేక కుమిలిపోతున్నాడు, నీ బిడ్డను విడిపించు," అంది. కూటమంతా ఆమేన్ అంది. కళ్ళు తెరిచి చూస్తే గుమ్మం బయట జక్రయ్య చెప్పులు లేవు.

మర్నాడు రేవులో జనం అతన్ని చూసి నవ్వారు. "ఊరందరికీ తెలిశాక నాకు తెలియాలా?" అని మార్త ఏడ్చి పుట్టింటికి వెళ్ళిపోయింది. జక్రయ్య మందిరానికి రావడం మానేసి బ్రాందీ షాపు దారి పట్టాడు. "చూశారా, మన శత్రువు సాతాను ఎంత పని చేశాడో," అని రాహేలమ్మ కనబడిన వాళ్ళందరి దగ్గరా వాపోయింది. ఆ శత్రువుకు తలుపు తీసింది ఎవరో ఆవిడకు తట్టనే లేదు.

వానాకాలం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ కూతురు ఎస్తేరు పాయ అవతలి లంకలో గేదెను మేపుతోంది. ఎగువన కురిసిన వానలకు ఉన్నట్టుండి వరద దిగింది. చూస్తూండగానే ఎర్రనీళ్ళు లంకను చుట్టేశాయి. రాహేలమ్మ గట్టు మీదికి పరుగెత్తుకొచ్చేసరికి ఎస్తేరు ఒక తుమ్మచెట్టును కరుచుకుని నిలబడి ఉంది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. "అమ్మా" అన్న కేక గాలికి సగమే వినబడింది.

రాహేలమ్మ నీళ్ళవైపు చెయ్యి చాచి గద్దించింది. గొంతు పోయేదాకా గద్దించింది. నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. అప్పుడు ఆవిడకు నిజమైన భయం పట్టుకుంది.

"ఈ వరదలో పడవ వెయ్యడం జక్రయ్య ఒక్కడివల్లే అవుతుందమ్మా," అన్నాడు గట్టు మీదున్న ఒక ముసలాయన. "కానీ ఈమధ్య మధ్యాహ్నమయ్యేసరికి వాడు ఒంటిమీద తెలివితో ఉండటం లేదు."

ఆవిడ పడుతూ లేస్తూ జక్రయ్య ఇంటికి వెళ్ళింది. అతను నేలమీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గ్లాసులో మందు పోసి ఉంది. ఇంకా నోట పెట్టలేదు. చేతులు మాత్రం గడగడ వణుకుతున్నాయి.

"తమ్ముడూ, ఎస్తేరు లంకలో చిక్కుకుపోయింది. లే నాయనా. ప్రభువా, ఈ దయ్యాన్ని..." అంటూ ఆవిడ చెయ్యెత్తింది.

జక్రయ్య గోడదాకా వెనక్కి జరిగాడు. "వద్దక్కా. ప్రార్థన చెయ్యకు. నీ ప్రార్థనంటే నాకు భయం," అన్నాడు.

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ మనిషి సాతానును చూసి కాదు, తనను చూసి వణుకుతున్నాడు. ఇంతకాలం తాను ఎవరి పక్షాన పోరాడిందో తలుచుకుని రాహేలమ్మ అక్కడే కూలబడింది.

"తప్పు చేశాను తమ్ముడూ. దేవుడికి చెప్పమంటే ఊరికి చెప్పాను. నన్ను క్షమించు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు," అంది.

"నా పక్కన కూర్చో. ఈ వణుకు తగ్గేదాకా మాట్లాడకుండా కూర్చో. ఆరోజు నేను కోరుకున్నదీ ఇంతే," అన్నాడు.

ఆవిడ కూర్చుంది. బయట వరద హోరు వినబడుతోంది. నీళ్ళు కూతురి నడుం దాకా వచ్చి ఉంటాయి, ఛాతీ దాకా వచ్చి ఉంటాయి అనుకుంటోంది. గట్టిగా అరవాలనిపించింది. పళ్ళు బిగబట్టి, పెదవి కదపకుండా, లోలోపలే దేవుణ్ణి వేడుకుంది. కూతురి కోసం వేడుకుంది, ఆ గ్లాసు ముందున్న మనిషి కోసం కూడా వేడుకుంది. ఆవిడ ప్రార్థన మరో మనిషి చెవిన పడకపోవడం అదే మొదలు.

జక్రయ్య గ్లాసువైపు చెయ్యి చాచాడు. అతను గ్లాసు తీసుకుని లేచి, మందు వాకిట్లో ఒంపేశాడు.

"ఆ మూలనున్న పడవ గెడ అందుకో అక్కా," అన్నాడు.

పడవ లంక చేరేసరికి నీళ్ళు ఎస్తేరు మెడదాకా వచ్చాయి. గేదె అప్పటికే కొట్టుకుపోయింది. జక్రయ్య చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. ఆ చేత్తోనే పిల్ల జబ్బ పట్టుకుని పడవలోకి లాగాడు.

ఆ తర్వాత రాహేలమ్మ మార్త పుట్టింటికి వెళ్ళి, కాళ్ళావేళ్ళా పడి ఆమెను వెనక్కి తీసుకొచ్చింది. శుక్రవారం కూటంలో ఒకావిడ దగ్గరికి జరిగి మెల్లిగా అడిగింది. "జక్రయ్య పూర్తిగా మానేసినట్టేనా వదినా? ప్రార్థనలో పెడదామా?"

"పెట్టాల్సిన చోట పెట్టాను," అని రాహేలమ్మ కళ్ళు మూసుకుంది.

నమ్మి చెప్పుకున్న బాధను దేవుని చెవిన వేస్తే అది ప్రార్థన; నలుగురి చెవిన వేస్తే, దేవుని పేరు చెప్పి శత్రువు పని చేసిపెట్టినట్టే.