కూరల అంగడికి రాజుగారి పరీక్ష

ఒకానొక రాజ్యాన్ని రణభైరవుడనే రాజు ఏలేవాడు. పేరుకే రణభైరవుడు, యుద్ధం ముఖం చూసి ఎరుగడు. తనకు తెలియని సంగతి మాత్రం లోకంలో లేదనుకునేవాడు. ఆయన కొలువులో కొమ్మన అనే చమత్కారి ఉండేవాడు. ఒక పని తలపెడితే అది తేలేదాకా అతనికి కంటి మీద కునుకు పట్టేది కాదు.

ఒకనాడు కోటగుమ్మం దగ్గర భటులు పోలమ్మ అనే ముసలి రైతు కూరగంపను కాలితో తన్నడం కొమ్మన చూశాడు. గోంగూర అంతా మట్టిపాలైంది.

"రోజుకో చోట కూర్చుంటాను బాబూ, రోజూ తరుముతారు. ఎండెక్కితే ఆకు వాడిపోతుంది. ఇక మారుబేరగాడు అడిగినకాడికి ఇచ్చి పోవడమే. నిలకడగా కూర్చోడానికి ఇంత చోటుంటే మా ఊరోళ్లందరం బతుకుతాం," అంది పోలమ్మ.

కొమ్మన ఆ కూర గంపకెత్తి ఇచ్చాడు. తిన్నగా కొలువుకు వెళ్లాడు.

"మహాప్రభూ! తూర్పు ద్వారం పక్క బయలు ఖాళీగా ఉంది. అక్కడ రైతులకు నిత్యం సాగే అంగడి కట్టించండి."

"సాగుతుందో లేదో తేలకుండానే కట్టించడమా? నాలుగు రోజులు మేమే స్వయంగా పరీక్షిస్తాం. అందాకా అక్కడ ఎవరినీ తరమవద్దు," అన్నాడు రాజు.

పరీక్ష మొదలైంది. రాజుగారు లేచి, తలంటుకుని, పూజ ముగించి, ఫలహారం ఆరగించి, పల్లకీ ఎక్కి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యేది. తెల్లవారకముందే కూర కోసి తెచ్చిన రైతులు అప్పటికే అంతా అమ్ముకుని, ఊరు చేరి, మడులకు నీళ్లు కట్టుకుంటూ ఉండేవారు. నాలుగు రోజులూ రాజుగారికి కనిపించినవి రెండు మేకలు. అవి తోటకూర కాడలు నములుతున్నాయి. ఆ కాడలు ఎక్కడివని ఆయన అడగనేలేదు.

"అమ్మేవాడు లేడు, కొనేవాడు లేడు. అంగడి అనవసరం. అక్కడ మాకు నెమళ్ల తోట వేయించండి," అని తీర్పు చెప్పాడు.

"ప్రభూ, అది వేళ కాదు..."

"మా కళ్లతో మేము చూశాం!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు ఆయనకు. పోలమ్మ చోటు నెమళ్ల పాలు కానిస్తే నేను కొమ్మననే కాను, అనుకున్నాడు కొమ్మన. తనకూ ఒక పరీక్ష ఉందని, తోట పని అయిదు రోజులు ఆపించమని వేడుకున్నాడు. రాజు సరేనన్నాడు.

అయిదోనాడు కొమ్మన నిండు కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ! తమరి పద్ధతిలోనే నాలుగు రోజులు ఈ కొలువుకూటాన్ని పరీక్షించాను. రోజూ తొలికోడి కూసే వేళకు వచ్చాను. సింహాసనం ఖాళీ. మంత్రులు లేరు, మొర పెట్టుకునేవారు లేరు. దూలాల మీద పావురాలు మాత్రం ఉన్నాయి. ఈ రాజ్యానికి కొలువు అనవసరమని తేలింది. దీన్ని రైతులకు ఇప్పించండి."

సభికుల పై ప్రాణాలు పైనే పోయాయి. రాజు కళ్లెర్రజేశాడు.

"మూర్ఖుడా! కోడి కూసే వేళ కొలువుంటుందా? కొలువును చూడాలంటే కొలువు వేళకు రావాలి!"

"చిత్తం. మరి అంగడిని చూడాలంటే ఏ వేళకు రావాలి ప్రభూ?"

రాజు పకపకా నవ్వి, తన చేతి కంకణం తీసి కొమ్మనకు తొడిగాడు.

"అంగడి కట్టిస్తాం. అది తెరిచేనాడు కోడికూతకు మమ్మల్ని లేపే పూచీ నీదే!"

నెల తిరక్కుండా తూర్పు బయల్లో పందిళ్లు లేచాయి. రైతుల పేరుపేరునా చోట్లు గుర్తు పెట్టారు. తెరిచేనాడు కొమ్మన రాజుగారిని నిద్ర కళ్లతోనే, కిరీటమైనా లేకుండా తీసుకొచ్చాడు. ఇసక వేస్తే రాలనంత జనం. ఆయన ఎటు చూడాలో తెలియక గోంగూర గంప ముందు అడ్డంగా నిలబడిపోయాడు. పోలమ్మ ఆయన ముఖం ఎన్నడూ చూసింది కాదు.

"కొంటే కొను, లేకుంటే పక్కకు జరుగు నాయనా," అంది గట్టిగా. "ఇది నా చోటు."

కొమ్మన గబగబా అడ్డం వెళ్లబోయాడు. రణభైరవ మహారాజు మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, పక్కకు జరిగాడు.